జార్జ్ ఫోర్‌మన్ గ్రిల్: వంట ఎలా ఉంటుంది, ఆ పేరును జనం ఎందుకంత నమ్మారు

అమెరికాలో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, బాల్కనీలో బొగ్గుల గ్రిల్ పెట్టుకోవడానికి అనుమతి లేక, పొయ్యి మీద చికెన్ వేయిస్తే ఎక్కడ స్మోక్ అలారం మోగుతుందోనని టెన్షన్ పడే మనవాళ్లకు జార్జ్ ఫోర్‌మన్ గ్రిల్ మంచి వస్తువు. ముందే చెప్పేస్తున్నా, కొనుక్కోవచ్చు. నేను వాడేది ఇద్దరికి సరిపోయే చిన్న మోడల్, అన్నిటికంటే చవకైనది. అయితే ఈ రివ్యూలో సగం గ్రిల్ గురించి, సగం దాని మీద పేరున్న మనిషి, అమెరికన్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ గురించి ఉంటుంది. ఆ రెండిటినీ విడదీసి చూస్తే ఈ వస్తువు 10 కోట్లకు పైగా ఎలా అమ్ముడుపోయిందో అర్థం కాదు. రెండు పళ్లేల మధ్య మాంసం పెట్టి నొక్కి కాల్చే యంత్రాలు ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని దీనికంటే బాగా పనిచేస్తాయి కూడా. కానీ "అదే, ఆ బాక్సర్ గ్రిల్" అని జనం అడిగి మరీ కొన్నది దీన్నే.

ముందు వంట సంగతి. బోన్‌లెస్ చికెన్ బ్రెస్ట్ తీసుకుని, మందంగా ఉన్న చోట కొట్టి అంతా ఒకే మందం వచ్చేలా చేసి, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం, ఒక చెంచా నూనె పట్టించి గంట సేపు పక్కన పెట్టండి. గ్రిల్‌ని ప్లగ్‌లో పెట్టి దాదాపు ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి ముక్క వేసి మూత దించితే చుయ్యిమంటుంది, పక్కల నుంచి ఆవిరి తన్నుకొస్తుంది. కాసేపటికి పసుపు రంగు నీరు, నూనె కలిసి గాడుల వెంట కిందికి జారి ముందున్న ప్లాస్టిక్ ట్రేలో చుక్కచుక్కగా పడుతుంటాయి. ఆరేడు నిమిషాల్లో ముక్క ఉడికిపోతుంది. రెండు పక్కలా ఒకేసారి కాలుతుంది కాబట్టి తిప్పే పని లేదు, పక్కనే నిలబడక్కర్లేదు, ఆ టైములో ఉల్లిపాయలు కోసుకోవచ్చు. లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడటం మంచిది, ఎందుకంటే పైన చారలు పడ్డంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు.

చేపల్లో సాల్మన్ చాలా బాగా వస్తుంది, దాంట్లోనే కావలసినంత నూనె ఉంటుంది. తిలాపియా అయితే తీసేటప్పుడు విడిపోతుంది, గరిటెతో జాగ్రత్తగా ఎత్తాలి. పనీర్ మందంగా కోస్తేనే నిలుస్తుంది, లేకపోతే పై పళ్లెం బరువుకి చితికిపోతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది వంకాయ: చక్రాలుగా కోసి ఉప్పు, కారం, నూనె రాసి వేస్తే బయట కరకరలాడుతూ లోపల మెత్తగా వస్తుంది, వేడివేడి పప్పన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు.

"కొవ్వు తగ్గించే యంత్రం" అని మొదటి నుంచీ ప్రచారం చేశారు కదా, అది కైమాతో చేసే బర్గర్ల విషయంలో నిజమే. పళ్లెం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కరిగిన కొవ్వు ముక్క కింద నిలవకుండా ట్రేలోకి పోతుంది. చర్మం తీసేసిన చికెన్ బ్రెస్ట్‌లో కారడానికి కొవ్వే పెద్దగా ఉండదు కాబట్టి అక్కడ ఆ మాటకు అంత విలువ లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ ఏటవాలు పళ్లెం ఆలోచన ఫోర్‌మన్‌ది కాదు, మైకేల్ బోమ్ అనే ఆయనది. అమ్మింది సాల్టన్ అనే కంపెనీ. 1994లో మార్కెట్‌లోకి వచ్చింది. మొదట్లో అమ్మకాలు అంతంతమాత్రం. తర్వాత టీవీ షాపింగ్ ఛానల్లో ఫోర్‌మన్ నిలబడి చూపిస్తూ, మధ్యలో ఆకలేసి బర్గర్ తీసుకుని తినేశాడట, అంతే, ఫోన్లు మోగిపోయాయట. 1999 వచ్చేసరికి, ఆ పేరును పూర్తిగా వాడుకునే హక్కు కోసం ఫోర్‌మన్‌కీ అతని భాగస్వాములకీ కంపెనీ 13 కోట్ల 75 లక్షల డాలర్లు ఇచ్చింది. రింగులో జీవితమంతా దెబ్బలు తిని సంపాదించిన దానికంటే వంటింటి నుంచి అతనికి వచ్చిందే ఎక్కువ.

ఇదే జార్జ్ ఫోర్‌మన్ 1974లో వచ్చి ఏదైనా అమ్మజూపి ఉంటే ఒక్కరూ కొనేవారు కాదు. దీన్ని నేను ఊరికే అనడం లేదు.

అతను 1949లో టెక్సస్‌లోని మార్షల్‌లో పుట్టాడు, హ్యూస్టన్‌లో ఫిఫ్త్ వార్డ్ అనే పేద పేటలో పెరిగాడు. చదువు మానేసి వీధి గొడవల్లో తిరిగే కుర్రాడిని ప్రభుత్వ ఉపాధి శిక్షణ పథకం జాబ్ కోర్ బాక్సింగ్ వైపు తిప్పింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచి, రింగులో చిన్న అమెరికా జెండా ఊపాడు. అంతకు కొద్ది రోజుల ముందే నల్లజాతి పరుగు వీరులు టామీ స్మిత్, జాన్ కార్లోస్ జాతి వివక్షకు నిరసనగా పతకాల వేదిక మీద నల్ల చేతి తొడుగు వేసుకున్న పిడికిలి ఎత్తి అమెరికాను కుదిపేశారు. ఆ నేపథ్యంలో జెండా ఊపిన 19 ఏళ్ల ఫోర్‌మన్ మీద నల్లజాతి వాళ్లలోనే చాలామందికి కోపం వచ్చింది. జాబ్ కోర్ తన బతుకు మార్చింది, ఆ కృతజ్ఞత అతనిది. కానీ అభిమానులు బాక్సర్ మనసులోకి తొంగిచూడలేరు, చేతిలో ఉన్నదే చూస్తారు.

తర్వాత ప్రొఫెషనల్ అయి, సోనీ లిస్టన్‌తో కలిసి సాధన చేశాడు. లిస్టన్ అంటే అప్పటికి జనం భయపడే మనిషి, 1962లో ప్రపంచ చాంపియన్ అయ్యి ఫిలడెల్ఫియాకి తిరిగొస్తే విమానాశ్రయంలో స్వాగతం చెప్పడానికి జనమే రాలేదు. ఫోర్‌మన్ ఆ చూపును, ఆ మౌనాన్ని అరువు తెచ్చుకున్నాడు. నవ్వడు, విలేకర్లతో సరిగా మాట్లాడడు, ఎదుటివాణ్ని గుడ్లురిమి చూస్తాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని ప్రపంచ చాంపియన్ జో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. మరుసటి ఏడాది కారకాస్‌లో కెన్ నార్టన్‌నీ రెండో రౌండ్‌లోనే ముగించాడు. బాక్సింగ్ దిగ్గజం ముహమ్మద్ అలీని ముప్పుతిప్పలు పెట్టిన ఇద్దరినీ ఇంత తేలిగ్గా ఊడ్చేసినవాడికి జనం జేజేలు కొట్టాలి కదా? భయపడ్డారు, అంతే. ప్రేమ పుట్టలేదు.

అదే 1974లో అలీతో టైటిల్ పోరు కోసం కాంగో రాజధాని కిన్షాసాకి అతను జర్మన్ షెపర్డ్ కుక్కను వెంటబెట్టుకుని దిగాడు. బెల్జియం వాళ్లు కాంగోను ఏలినప్పుడు జనం మీదికి వదిలింది అలాంటి పోలీసు కుక్కల్నే. అతనికి ఆ చరిత్ర తెలియదు, కుక్క అంటే ఇష్టం, తెచ్చుకున్నాడు. దిగిన రోజే ఊరు ఊరంతా అలీ వైపు తిరిగిపోయింది. దానికి తోడు సాధనలో ఫోర్‌మన్‌కి కంటి దగ్గర కోసుకుపోవడంతో సెప్టెంబర్‌లో జరగాల్సిన పోరు అక్టోబర్ 30కి వాయిదా పడింది. ఆ వారాల్లో అలీ వీధుల్లో జనంతో కలిసి తిరిగాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, "అలీ బొమాయే" అని వాళ్లచేత అరిపించాడు. వాణ్ని చంపెయ్ అలీ, అని దానర్థం. ఫోర్‌మన్ తలుపులు వేసుకుని కూర్చున్నాడు. 40 పోరాటాల్లో 40 గెలుపులు, అందులో 37 నాకౌట్లు ఉన్న చాంపియన్, 25 ఏళ్ల వయసులో, ముక్కూ మొహం తెలియని దేశంలో అందరికీ శత్రువైపోయాడు. ఎనిమిదో రౌండ్‌లో పడిపోయాడు. పడ్డాక కూడా తాళ్లు వదులుగా కట్టారని, లెక్క తొందరగా పెట్టారని, నీళ్లలో ఏదో కలిపారని సాకులు చెప్పాడు. మరుసటి ఏడాది టొరంటోలో ఒకే రోజు ఐదుగురితో వరసగా తలపడి పోయిన పరువు తెచ్చుకోవాలని చూశాడు, అక్కడా జనం ఎకసెక్కాలే ఆడారు.

1977 మార్చిలో శాన్ హువాన్‌లో జిమ్మీ యంగ్ చేతిలో ఓడి డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాక, చచ్చి బతికినంత అనుభవం కలిగిందని, దేవుడు పిలిచాడని చెప్పాడు. బాక్సింగ్ వదిలేశాడు. హ్యూస్టన్‌లో పాస్టర్ అయ్యాడు, కుర్రాళ్ల కోసం ఒక సెంటర్ పెట్టాడు. పదేళ్లు రింగు ముఖం చూడలేదు. ఆ సెంటర్‌కి డబ్బులు చాలక 1987లో మళ్లీ గ్లవ్స్ తొడిగాడు. కిన్షాసాలో 220 పౌండ్లు ఉన్న మనిషి ఇప్పుడు 260 దాటి, గుండు గీసుకుని, పొట్టతో వచ్చాడు. విలేకర్లు పొట్ట గురించి అడగకముందే తనే చీజ్ బర్గర్ల జోకులు వేసేవాడు. ఐదుగురు కొడుకులకూ జార్జ్ అనే పేరు పెట్టుకున్నానని నవ్వుతూ చెప్పేవాడు. 1991లో 42 ఏళ్ల వయసులో అప్పటి చాంపియన్ ఎవాండర్ హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లూ నిలబడి పాయింట్ల మీద ఓడాడు. గమనించండి, ఓడిన ఆ రాత్రి వచ్చిన చప్పట్లు ఫ్రేజియర్‌ని చితక్కొట్టిన రాత్రి కూడా రాలేదు.

1994 నవంబర్ 5 సంగతి బాక్సింగ్ చూడనివాళ్లకి కూడా చెప్పాలి. లాస్ వేగాస్, ఎదురుగా అప్పటి ప్రపంచ చాంపియన్ మైకేల్ మూరర్, వయసు 26. ఫోర్‌మన్‌కి 45. వేసుకున్నది కిన్షాసాలో ఓడినప్పటి ఎర్ర నిక్కరే. అతని మూలలో ఉన్నది శిక్షకుడు ఏంజెలో డండీ, ఇరవై ఏళ్ల కిందట కిన్షాసాలో అలీ పక్కన నిలబడ్డ అదే డండీ. తొమ్మిది రౌండ్లు మూరర్ ముందున్నాడు, ముగ్గురు జడ్జీల లెక్కలోనూ. పదో రౌండ్‌లో ఫోర్‌మన్ కుడి చేయి చిన్న దూరంలోనే సూటిగా వెళ్లి గడ్డం మీద తగిలింది, మూరర్ వెల్లకిలా పడి లేవలేకపోయాడు. ఫోర్‌మన్ తన మూలకి పోయి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆ వయసులో హెవీవెయిట్ టైటిల్ గెలిచినవాళ్లు లేరు. గ్రిల్ వచ్చింది అదే ఏడాది. అప్పటికి జనానికి ఆ నవ్వు మొహం మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, ఆయన "ఇది బాగుంది" అంటే ఇంట్లో మనిషి చెప్పినట్టే అనుకున్నారు.

ఇక్కడ నన్ను బాధపెట్టేది జో ఫ్రేజియర్ కథ. సైన్యంలో చేరనన్నందుకు అలీని 1967 నుంచి రింగుకు దూరం పెట్టినప్పుడు లైసెన్స్ తిరిగి ఇవ్వమని అడిగినవాళ్లలో ఫ్రేజియర్ ఉన్నాడు, డబ్బు సాయం కూడా చేశాడు. తీరా ఇద్దరూ తలపడాల్సి వచ్చేసరికి అలీ అతన్ని తెల్లవాళ్ల తొత్తు అన్నాడు, వికారి అన్నాడు, 1975లో మనీలా పోరుకు ముందు గొరిల్లా అని పాటలు కట్టాడు. అలీ నోటికి తిరుగుండదు, ఫ్రేజియర్‌కి మాట రాదు. దక్షిణ కరొలైనా పొలాల్లో పుట్టి, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేసి, వేలాడే పశుమాంసాన్ని గుద్ది సాధన చేసిన మనిషి. 1971లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 15వ రౌండ్‌లో ఎడమ హుక్‌తో అలీని పడేసి గెలిచాడు, అయినా సగం నల్లజాతి అమెరికా అతన్ని తమవాడు అనుకోలేదు. ఆ గాయం అతనికి మానలేదు. 1996లో పార్కిన్సన్స్‌తో చేయి వణుకుతున్న అలీ అట్లాంటాలో ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తే లోకమంతా కంటతడి పెట్టింది, ఫ్రేజియర్ మాత్రం కటువుగానే మాట్లాడాడు. దాంతో మిగిలిన కాస్త సానుభూతీ పోయింది. ఫిలడెల్ఫియాలో ఒక సినిమా బాక్సర్ పాత్రకి 1980లలోనే విగ్రహం ఉంది, అదే ఊళ్లో ఉండి నిజంగా ప్రపంచ చాంపియన్ అయిన ఫ్రేజియర్‌కి విగ్రహం పెట్టింది 2015లో. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. ఇది అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

అలీ తర్వాతి తరం హెవీవెయిట్ చాంపియన్ లారీ హోమ్స్ అయితే 20 సార్లు టైటిల్ కాపాడుకున్నాడు. 48 గెలుపుల తర్వాత 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో మొదటిసారి ఓడి, ఆ కోపంలో 49 పోరాటాలూ గెలిచి ఓటమి ఎరగని పాత చాంపియన్ రాకీ మార్సియానోని కించపరుస్తూ ఒక్క మాట జారాడు. ఇన్నేళ్లయినా హోమ్స్ పేరెత్తితే కొందరికి అతను ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు (బాక్సింగ్‌లో 'జాబ్' అంటారు) కంటే ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

మన దగ్గర కూడా ఇలాంటిదే చూశాం. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2019లో సెలక్షన్ ట్రయల్ పెట్టమని అడిగినప్పుడు, మేరీకోమ్‌నే నిలదీస్తుందా అని చాలామందికి మింగుడుపడలేదు. ట్రయల్‌లో 9-1తో ఓడింది, మేరీకోమ్ కరచాలనం కూడా చేయలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాక ట్విటర్‌లో తన పేరు ట్రెండ్ అవుతోందా అని నవ్వుతూ అడిగింది, ఆ ఒక్క ప్రశ్నతో దేశమంతా ఆమెకి దగ్గరైపోయింది. ట్రయల్ అడిగిన పట్టుదల, ట్రెండింగ్ అడిగిన అమాయకత్వం రెండూ ఆమెవే. నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం.

ఫోర్‌మన్ మార్పు అంతా అమ్మకాల కోసం వేసిన వేషం అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. 1977లో మారినప్పుడు అతని చుట్టూ కెమెరాలు లేవు, కొనేవాళ్లు లేరు, హ్యూస్టన్‌లో చిన్న చర్చి ఉంది, అంతే. ఇంకో సంగతి, 1997లో కిన్షాసా పోరు మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చినప్పుడు, వేదిక మెట్లు ఎక్కడానికి అలీకి చేయందించింది ఫోర్‌మనే. తనను లోకం ముందు పడేసిన మనిషిని పట్టుకుని నడిపించడం అమ్మకాల లెక్కలో చేసే పని కాదు. 2025 మార్చిలో ఆయన 76 ఏళ్ల వయసులో పోయినప్పుడు, ఒక్క పోరు కూడా చూడనివాళ్లు సైతం తమ వంటింట్లో గ్రిల్ గురించి ఆప్యాయంగా చెప్పుకున్నారు.

సరే, కొనేవాళ్లకి కొన్ని మాటలు. చవకైన క్లాసిక్ మోడళ్లలో ఆన్-ఆఫ్ స్విచ్ ఉండదు, ప్లగ్ పెడితే ఆన్, తీస్తే ఆఫ్. వేడి తగ్గించే పెంచే వీలు కూడా లేదు. పళ్లేలు ఊడిరావు కాబట్టి సింకులో పెట్టి కడగడానికి వీల్లేదు. ప్లగ్ తీసి, కాస్త వేడిగా ఉండగానే రెండు పళ్లేల మధ్య తడిపిన పేపర్ టవల్ పెట్టి మూత వేస్తే ఐదు నిమిషాల్లో మురికి మెత్తబడుతుంది, తర్వాత గాడుల వెంట తుడిస్తే పోతుంది. స్టీలు పీచు మాత్రం వాడొద్దు, నాన్‌స్టిక్ పూత లేచిపోతుంది. మన తందూరీ పద్ధతిలో పెరుగు దట్టంగా పట్టించి వేస్తే ఆ పెరుగు గాడుల్లో మాడి అంటుకుపోతుంది, అందుకే వేసే ముందు పైపైన ఉన్నది దులిపేయండి. ఇంట్లో నలుగురు తినేవాళ్లుంటే ఇంకాస్త డబ్బు పెట్టి పళ్లేలు ఊడదీసే పెద్ద మోడల్ తీసుకోండి, కడిగే బాధ సగం తప్పుతుంది.

ఊళ్లో అమ్మానాన్నలకి పట్టుకెళ్దామని మాత్రం ఇక్కడ కొనకండి. అమెరికా మోడల్ 120 వోల్టులది, మన ఇళ్లలో వచ్చేది 230. ప్లగ్ మార్చే చిన్న అడాప్టర్ పెట్టి కలిపితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే బరువైన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని మోసేకంటే అక్కడే ఇలా రెండు పళ్లేలతో కాల్చే 230 వోల్టుల కాంటాక్ట్ గ్రిల్ ఒకటి కొనిపెట్టడం తేలిక.